సిలికాన్ గోళ్ళు, గుడ్డ గ్లౌజులు: నమ్మకూడని పది సలహాలు

కోల్‌కతాలో వేషానికి ఏడాది పొడుగునా పని ఉంటుంది. ఒకప్పటి చిత్పూర్ రోడ్డు, ఇప్పటి రవీంద్ర సరణి, జాత్రా నాటక కంపెనీలకు అడ్డా. రథయాత్ర నాడు బేరాలు మొదలుపెట్టి, దుర్గాపూజ నుంచి వానలు పడేదాకా ఊరూరా తిరిగి రాత్రిళ్ళు ఆడతారు. బీర్‌భూమ్ పల్లెల బహురూపులు కాళిగా, హనుమంతుడిగా, పులిగా వీధుల్లోకి వస్తారు. మన పులివేషగాళ్ళకు బెంగాల్లోనూ అన్నదమ్ములున్నారు. బుద్ధదేవ్ దాస్‌గుప్తా 1989లో తీసిన ‘బాగ్ బహదూర్’ అలాంటి ఒక పులివేషగాడి కథే. తెలుగువాళ్ళకు ఈ ఊరితో వేషాల చుట్టరికం పాతది. సి. పుల్లయ్య దర్శకత్వంలో 1933లో ‘సావిత్రి’ని, 1934లో ‘లవకుశ’ను తీసింది కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీయే. ఇవాళ కూడా కోల్‌కతాలో, ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో పిల్లలకు వేషం కట్టి వేదిక ఎక్కించే తల్లులున్నారు, మేనమామలున్నారు.

పులి పంజా, అసురుడి గోళ్ళు, పాము పొలుసులు ఇప్పుడు సిలికాన్‌తో పోత పోస్తున్నారు. ఇది మంచి మార్పు. సిలికాన్ ప్లాస్టర్‌లాగా పెచ్చులు ఊడదు, ఎదుటి నటుడి చెంపకు తగిలినా గీరదు, వంచితే వంగి మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. చిక్కంతా దాన్ని గ్లౌజుకు నిలబెట్టడంలో ఉంది. అడిగినవాళ్ళకల్లా తలా ఒక సలహా దొరుకుతుంది. వాటిలో చాలా వరకు ఆట మధ్యలో గోరు ఊడి నేలమీద పడే సలహాలే. అలాంటివి పది ఇక్కడ చెబుతున్నాను. ఏది ఎందుకు తప్పో, బదులుగా ఏం చేయాలో కూడా చెబుతున్నాను.

ముందు రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. గట్టిపడిన సిలికాన్‌కు సిలికాన్ జిగురు తప్ప మామూలు జిగురేదీ అంటదు. సిలికాన్ గుడ్డను పట్టుకునేది పోగుల సందుల్లోకి దూరి, అక్కడ గట్టిపడటం వల్లనే. మిగతాదంతా ఈ రెండింటి నుంచే వస్తుంది.

1. “ఫెవీక్విక్ చుక్క వేయండి, క్షణంలో పట్టేస్తుంది”

ఈ సలహా ప్రమాదకరం కూడా, అందుకే ముందు చెబుతున్నాను. ఫెవీక్విక్ లాంటి సైనోయాక్రిలేట్ జిగుర్లు నూలు గుడ్డ మీద పడితే ఒక్కసారిగా గట్టిపడుతూ వేడి పుట్టిస్తాయి. పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. గ్లౌజు చేతికి ఉండగా ఆ చుక్క వేస్తే కాలిన గుడ్డ వేలికి అతుక్కుపోతుంది. పిల్లల చేతుల దగ్గర ఈ పని అస్సలు చేయకండి.

ఇంత ప్రమాదానికి ఒడిగట్టినా అతుకు నిలవదు. సిలికాన్ వైపు ఆ జిగురు పల్చని పెళుసు పొరగా ఎండి, వేలు రెండుసార్లు మడిస్తే పెచ్చుగా లేస్తుంది. ఫ్యాక్టరీల్లో ప్రత్యేకమైన ప్రైమర్ పూసి దీనితోనే సిలికాన్‌ను అతికిస్తారన్నది నిజమే. కానీ ఆ అతుకు బిరుసు. కదలని భాగాలకు పనికొస్తుంది, మడిచి తెరిచే వేళ్ళకు పనికిరాదు.

2. “గ్లూ గన్ పెట్టండి, లేకపోతే ఫెవీబాండో అరాల్డైటో రాయండి”

గ్లూ గన్‌తో రోజూ పనిచేసేవాళ్ళు బల్లకు జిగురు అంటకుండా కింద పరుచుకునేది సిలికాన్ షీటునే. ఆరిన జిగురు దానిమీద నుంచి గోటితో గీకకుండానే లేచి వస్తుంది. మీరు అతికించిన గోరు కూడా అలాగే లేచి వస్తుంది.

ఫెవీబాండ్ లాంటి రబ్బరు జిగుర్లు తోలుకు, రబ్బరుకు, రెక్సిన్‌కు చక్కగా పనిచేస్తాయి. బెంటింక్ స్ట్రీట్‌లో చెప్పులు కుట్టేవాళ్ళు అలాంటి జిగురును నమ్ముకుంటారంటే కారణం ఉంది: వాళ్ళ చేతిలో ఉన్నది తోలు. అరాల్డైట్ కూడా అంతే. లోహానికి, చెక్కకు గట్టి అతుకు, సిలికాన్‌కు కాదు. వీటిలో ఏది వాడినా గుడ్డ వైపు జిగురు పట్టుకునే ఉంటుంది, సిలికాన్ వైపు వదిలేస్తుంది. గోరు పోయి మచ్చ మాత్రం గ్లౌజు మీద మిగులుతుంది.

3. “సిలికాన్ జిగురు ఏదైనా ఒకటే, హార్డ్‌వేర్ షాపులో ట్యూబు కొనుక్కోండి”

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సిలికాన్ సీలెంటు వాడొచ్చు. ఏ ట్యూబు అన్నది మాత్రం చూసి కొనాలి. జీపీ అని అమ్మేవి ఎక్కువగా ఎసిటాక్సీ రకం. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, ఎందుకంటే ఎసిటిక్ యాసిడ్ బయటికి వస్తుంది. వేషాల గ్లౌజుల మీద జరీ, తళుకులు, ఇత్తడి పూసలు ఉంటాయి. ఆ యాసిడ్ రాగిని, ఇత్తడిని తింటుంది, జరీ నల్లబడుతుంది. పూర్తిగా ఆరకముందు తొడిగితే చెమట పట్టిన చర్మం మండుతుంది.

న్యూట్రల్ అని రాసి ఉన్న ట్యూబు తీసుకోండి. జరీ ఉన్న గ్లౌజైతే దాన్ని కూడా ముందు ఒక చిన్న పీలిక మీద పరీక్షించండి. బాత్‌రూమ్‌లకని అమ్మే శానిటరీ సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. చర్మానికి దగ్గరగా ఉండే వేషాలకు అది వద్దు. సినిమా మేకప్ పనివాళ్ళు చాలామంది సిల్‌పాక్సీ అనే సిలికాన్ జిగురు వాడతారు. దొరికితే, ఖరీదు భరించగలిగితే చిన్న భాగాలకు అది శ్రేష్ఠం.

4. “ఈ ఊరి ఉక్కకు ఆరదు, హెయిర్ డ్రయర్ పెట్టండి”

బట్ట ఆరడానికీ సిలికాన్ సీలెంటు గట్టిపడటానికీ పోలిక లేదు. బట్టలోంచి నీరు పోవాలి. సీలెంటు గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. కాబట్టి కోల్‌కతా ఉక్కపోత మీకు మేలే చేస్తుంది. ఏసీ గదిలో, మాఘమాసపు పొడిగాలిలో ఆలస్యమవుతుంది.

ఓపిక పట్టాల్సిన చోటు ఒకటుంది. 10–20 నిమిషాల్లో పైపొర కట్టి, వేలికి అంటకుండా ఉంటుంది. అది చూసి అయిపోయిందనుకుంటారు. గట్టిపడటం బయటి నుంచి లోపలికి, రోజుకు సుమారు 2–3 మిల్లీమీటర్ల లోతు చొప్పున సాగుతుంది. వెడల్పాటి పంజా మెత్త కింద మధ్యలో ఉన్న జిగురుకు గాలి అందేది అంచుల నుంచే. అందుకే పొర పల్చగా ఉంచండి, కనీసం ఒక రోజు పూర్తిగా వదిలేయండి, వెడల్పాటి భాగాలకు మరో రోజు ఇవ్వండి. ఆరేలోగా పాలిథీన్ సంచిలో చుట్టి పెడితే తేమ అందక లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

5. “వెనక రాసి గట్టిగా నొక్కండి, చాలు”

నొక్కితే జిగురు పక్కలకు పోతుంది, గుడ్డలోకి దిగదు. పోగుల్లోకి దిగని జిగురు గుడ్డమీద తోలులా కూర్చుంటుంది, ఒక మూల దొరికితే మొత్తం లేస్తుంది. పని ఇలా సాగాలి.

సిలికాన్ భాగం వెనకవైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అచ్చులోంచి ఊడి రావడానికి రాసిన నూనె, జిడ్డు తగ్గడానికి చల్లిన పౌడరు పూర్తిగా పోవాలి. గ్లౌజు కొత్తదైనా ఉతికి గంజి, మెరుపు పోగొట్టండి. మెత్తదనమిచ్చే ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకండి, అది పోగులకు పొరలా పడుతుంది.

గ్లౌజును చెక్క చేతికో, దూది కూరిన మరో గ్లౌజుకో తొడగండి. మధ్యలో పాలిథీన్ కాగితం చుట్టండి. సిలికాన్ పాలిథీన్‌కు అంటదు కనుక గ్లౌజు ముందు వెనకలు అతుక్కుపోవు. అతికించే చోటు గుడ్డలోకి కొద్దిపాటి జిగురును గట్టి కుంచెతోనో, వేలికి పాలిథీన్ చుట్టుకునో రుద్దుతూ ఎక్కించండి. చిక్కటి నేత అయితే పెయింటు దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్‌తో సీలెంటును సుమారు సమపాళ్ళలో పల్చన చేసి మొదటి పొర ఇవ్వండి. కిటికీలు తెరిచి చేయండి, దీపం, అగరుబత్తి, పొయ్యి దగ్గర చేయకండి. ఆ పొర ఆరాక, సిలికాన్ భాగం వెనక పల్చగా జిగురు రాసి దానిమీద పెట్టండి. ఇప్పుడు సిలికాన్‌కు సిలికాన్ కలుస్తుంది. అతుకు నిలిచేది అక్కడే.

6. “జిగురు గోల ఎందుకు, సూదితో కుట్టేయండి”

కుట్టు మంచిదే, కుట్టే చోటు తప్పు. సిలికాన్ ఎంత సాగినా ఒకసారి గాటు పడితే ఆ గాటు వెంబడి సులువుగా చిరుగుతుంది. సూదితో వరసగా పొడిచిన రంధ్రాలు చిరగడానికి గీసిన గీతతో సమానం. పులి పంజా తెర పట్టుకుని లాగితే కుట్టు అలాగే ఉంటుంది, పంజా ఊడి వస్తుంది.

సిలికాన్‌ను కుట్టకండి. సిలికాన్‌లో గుడ్డను పుట్టించి, ఆ గుడ్డను కుట్టండి. ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే ఉంటే ఇదే.

బడాబజార్‌లో సాగే నెట్ గుడ్డ గజాల లెక్కన దొరుకుతుంది. అచ్చులో సిలికాన్ పోశాక, అది తేనెలా చిక్కబడుతున్నప్పుడు, నెట్ ముక్కను వెనకవైపు పరిచి కళ్ళలోంచి సిలికాన్ పైకి ఉబికేదాకా మెల్లగా అద్దండి. నెట్ ముక్క భాగం అంచుకన్నా చుట్టూ ఒక సెంటీమీటరు బయటికి ఉండాలి. గట్టిపడ్డాక నెట్ సిలికాన్‌లో భాగమైపోతుంది. బయటికి వచ్చిన ఆ నెట్ అంచును గ్లౌజుకు కుట్టండి. పాలియెస్టర్ దారంతో, సాగేలా జిగ్‌జాగ్‌గా, చేత్తో కుట్టండి. మిషన్ పాదం కింద సిలికాన్ జారదు, పట్టుకుని గుడ్డను ముడతలు పెడుతుంది.

తయారుగా కొన్న గోళ్ళైతే వెనక సిలికాన్ జిగురు రాసి, దానిలో నెట్ ముంచి, ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత కుట్టండి. కుట్టిన అంచును కప్పేలా పైన పల్చగా మరో పూత ఇస్తే కుట్టు కనిపించదు, చెమటకు దారం వదులవదు.

7. “చెయ్యి చాపి ఉంచి అతికించండి, నీటుగా వస్తుంది”

చాచిన చేతి మీద నీటుగా కనిపించిన పని పిడికిలి బిగిస్తే బయటపడుతుంది. పిడికిలి బిగించినప్పుడు వేలి పైభాగం గుడ్డ సాగుతుంది, అరచేతి వైపు ముడుచుకుంటుంది. చాచిన చేతి మీద అతికించిన పొలుసు పిడికిలిలో అంచుల దగ్గర లాగబడి ఊడుతుంది.

సగం ముడిచిన చేతి ఆకారం మీద పనిచేయండి. కణుపుల మీదుగా ఒకే పొడవాటి ముక్క వేయకండి. కణుపుకూ కణుపుకూ మధ్య విడి ముక్క వేసి, మడత దగ్గర ఖాళీ వదలండి. ఆ ఖాళీని పై పొలుసు అంచు కింది పొలుసు మీదికి వచ్చేలా కప్పితే చూసేవాళ్ళకు కనబడదు.

గోరు పొడుగైనకొద్దీ దాని కొన మీద పడిన చిన్న దెబ్బ కూడా మొదట్లో పెద్ద లాగుగా మారుతుంది. అందుకే పొడుగాటి గోటిని వేలి కొనమీద అంటించే బదులు, వేలికి తొడిగే టోపీలాగా పోత పోయండి. టోపీ అడుగు అంచుకు నెట్ ఉంచి వేలి చుట్టూ కుట్టండి. అప్పుడు దెబ్బను అతుకు భరించక్కర్లేదు, వేలే భరిస్తుంది.

8. “రబ్బరు గ్లౌజు మీదే నేరుగా సిలికాన్ పోయండి”

చర్మం మీదికి వచ్చే మంచి పనులకు ప్లాటినమ్ రకం సిలికాన్ వాడతారు. ఆ రకానికి గంధకం పడదు. లాటెక్స్ గ్లౌజులను గంధకంతోనే గట్టిపరుస్తారు. వాటిమీద పోసిన ప్లాటినమ్ సిలికాన్ తగిలిన చోటల్లా గట్టిపడకుండా జిడ్డుగా మిగిలిపోతుంది. గంధకం ఉన్న మోడలింగ్ మట్టి మీద కూడా అదే జరుగుతుంది. ఎన్నాళ్ళు వేచినా అది గట్టిపడదు, తీసి పారేయడమే. పోత పోసేటప్పుడు మీ చేతికి లాటెక్స్ గ్లౌజు ఉన్నా ప్రమాదమే. వినైల్ గ్లౌజులు వేసుకోండి.

టిన్ రకం సిలికాన్ గంధకానికి లొంగదు, చవక కూడా. కానీ అది అచ్చులు చేసుకోవడానికి. రోజులు గడిచేకొద్దీ కొంచెం కుంచించుకుపోతుంది, గంటలకొద్దీ చర్మానికి తగిలి ఉండే చోట దాన్ని వాడకూడదు. సాగే లైక్రా గ్లౌజే సిలికాన్‌కు మంచి పునాది.

9. “తోలు గ్లౌజైతే గట్టిది, దానికే అతికించండి”

పారిశ్రామిక తోలు గ్లౌజుల ఎగుమతికి కోల్‌కతా దేశంలోనే ముందున్న ఊరు. తోళ్ళ శుద్ధి ఊరు దాటాలన్న 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత టాంగ్రా, తొప్సియాల్లోని తోళ్ళ పరిశ్రమ ఊరి శివార్లలోని బంతలాకు తరలింది, గ్లౌజుల తయారీ మాత్రం ఈ ఊరి చేతి నుంచి పోలేదు. కాబట్టి ఇక్కడ తోలు గ్లౌజు చౌకగా చేతికి వస్తుంది, ఈ సలహా కూడా తరచుగా వినిపిస్తుంది.

తోలు గట్టిదే కానీ దాని నునుపు వైపు నూనె, రంగు, మెరుపు పూతలుంటాయి. సిలికాన్ ఆ పూతకు అంటుతుంది, పూతతో సహా లేస్తుంది. తోలే కావాలనుకుంటే స్వెడ్ రకం, అంటే గరుకు వైపు పైకి ఉన్న గ్లౌజు తీసుకోండి, లేకపోతే అతికించే చోట సన్నటి గరుకు కాగితంతో పూత పోయేదాకా రుద్దండి. అక్కడా చివరికి నెట్ అంచును కుట్టడమే మేలు. తోలుకు పడిన సూది రంధ్రం మళ్ళీ పూడదు, కాబట్టి ఎక్కడ కుట్టాలో ముందే గీసుకోండి.

10. “తయారయ్యాక పైన యాక్రిలిక్ రంగు వేయండి, ఇక పంపేయండి”

యాక్రిలిక్ రంగు సిలికాన్ మీద ఆరి, మొదటి మడతకే పొరలుగా రాలుతుంది. రంగు పోత పోసేటప్పుడే సిలికాన్ పిగ్మెంటుగా కలపాలి. పైన చారలు, నరాలు గీయాలంటే పల్చన చేసిన సిలికాన్‌లోనే రంగు కలిపి వేయాలి. జిగురుకు చెప్పిన సూత్రమే రంగుకూ వర్తిస్తుంది.

పంపేముందు పరీక్షించండి. అదే గుడ్డ పీలిక మీద అదే సిలికాన్ ముక్కను అదే పద్ధతిలో అతికించి, ఆరాక గట్టిగా లాగండి. సిలికాన్ శుభ్రంగా గుడ్డను వదిలేస్తే అతుకు ఓడిపోయింది, మళ్ళీ చేయండి. సిలికాన్ తానే చిరిగి, కొంత గుడ్డలోనే ఉండిపోతే అతుకు గెలిచింది. తర్వాత గ్లౌజును నీళ్ళలో తడిపి, పిడికిలి బిగిస్తూ తెరుస్తూ మళ్ళీ చూడండి. రాత్రంతా ఆడే నటుడి చేయి చెమటతో అంతే తడుస్తుంది. ఉతకడమంటే చేత్తో, గోరువెచ్చని నీళ్ళలో, కొద్దిపాటి సబ్బుతో. లోపలి వైపు బయటికి తిప్పి నీడన ఆరేయండి, గోళ్ళు మడతపడకుండా పెట్టెలో పెట్టండి.

చివరగా, ఎవరూ చెప్పని ఒక జాగ్రత్త. పూజ పందిళ్ళలో ధునుచి నాట్యం మొదలైతే చేతిలో నిప్పులున్న ధూపపాత్ర ఉంటుంది. లైక్రా, నైలాన్, పాలియెస్టర్ మంటకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఈ గ్లౌజులు వేసుకున్నవాళ్ళను, ముఖ్యంగా పిల్లలను, ధునుచి ముట్టుకోనివ్వకండి, దీపాల దగ్గరికి పంపకండి.

వేషం కట్టే తల్లులకు, స్కూలు టీచర్లకు, పందిరి పెద్దలకు నా విన్నపం ఒక్కటే. గ్లౌజుల పని ఆఖరి రాత్రికి వాయిదా వేయకండి, కనీసం వారం ముందు మొదలుపెట్టండి. వేసేవాళ్ళ చేతికి తొడిగి, పిడికిలి బిగించమని, తాళ్ళు పట్టుకోమని, దండం పెట్టమని అడగండి. ఎక్కడైనా లాగితే ఆ కుట్టు విప్పి మళ్ళీ వేయండి. జిగురును రెండో కాపలాగానే ఉంచండి. గుడ్డకు గుడ్డను కుట్టిన గోరే ఆట అయ్యేదాకా వేలికి ఉంటుంది.